రెండో ట్రేలో దళసరి కాగితం

మా మేనత్త పొద్దున్నే ఆస్పత్రిలో అడుగు పెట్టాక, భుజాన ఉన్న సంచి కూడా దించకుండా చేసే పని ఒకటుంది. మొదటి ప్రింటరు ట్రే లాగి, అందులోని కాగితాల దొంతరను రెండు చేతులా పైకి తీసి, అంచుల మీదుగా బొటనవేలిని గబగబా పోనిస్తుంది. పేకముక్కలు కలుపుతున్నట్టు చప్పుడవుతుంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. గలగలమంటే సరే. మొద్దుగా వినిపిస్తే కాగితానికి చెమ్మ తగిలిందని అర్థం. ఆ దొంతర పక్కన పెట్టి కొత్త కట్ట విప్పుతుంది. అంచులు బల్ల మీద తట్టి సమం చేసి, ట్రే మూసి, తర్వాతి ప్రింటరు దగ్గరికి నడుస్తుంది. మేడ మీది గదులతో మొదలుపెట్టి, కింద రిపోర్టుల కౌంటరు దగ్గర ఈ తిరుగుడు ముగిస్తుంది.

ఈ అలవాటు ఆమెకు మా తాతయ్య దగ్గర అబ్బింది. తాతయ్య పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. ఉన్న రెండు గదుల్లో మంచం కింద కాగితం, తలుపు వెనక అట్టలు, భోజనానికి కూర్చునే చోట జిగురు డబ్బా. ఆయన కాగితాన్ని కొనేముందు కళ్లతో చూసేవాడు కాదు, ఆడించి వినేవాడు. మా నాన్న ఆ జిగురు వాసన పడక చదువుకుని బయటపడ్డాడు. అత్త మాత్రం అక్కడే కూర్చుని అచ్చైన ఫారాలు మడిచేది. "మీ నాన్నకి కాగితమంటే చదువుకునేది. నాకు పట్టుకునేది" అంటుంది నాతో.

ఆస్పత్రిలో అందరూ ఆమెను జామ్ మేడం అంటారు. ఎక్కడ కాగితం ఇరుక్కున్నా ఆమెకే ఫోను.

"మేడం, మాది మళ్లీ మింగేసింది."

"పిన్నులు తీసి పెట్టండని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? అది యంత్రం, చెత్తబుట్ట కాదు."

"మేం ఎంత బతిమాలినా కక్కట్లేదు. మీరొస్తే గానీ మాట వినదు."

సన్నగా, కాస్త ముందుకు వంగినట్టు నడిచే మనిషి. గట్టిగా మాట్లాడటం ఎవరూ విని ఉండరు. ఇరుక్కున్న కాగితాన్ని లాగేటప్పుడు కూడా చిన్నపిల్లాడి కాల్లో ముల్లు తీస్తున్నట్టు ఊపిరి బిగపట్టి లాగుతుంది. మొదట్లో ఆమె ప్రింటర్ల మనిషి కాదు. కొత్తగా చేరినప్పుడు రిపోర్టుల కౌంటర్లో రెండో కుర్చీ ఇచ్చారు. మొదటి కుర్చీలో ఉన్నాయనకు ఆమెకంటే కొంచెం వయసెక్కువ. మొదటి రోజే "అన్నయ్యా" అంది. ఆయన వెంటనే "చెప్పు చెల్లెమ్మా" అన్నాడు. ఆ వరస అలాగే ఉండిపోయింది. ఇంట్లో మేమూ ఆయన్ని అత్తవాళ్ల అన్నయ్య అనే అనేవాళ్లం. సొంత అన్నయ్యగా మా నాన్న ఒకడు ఎదురుగా ఉన్నా సరే.

అన్నయ్య పని ఇది. స్కాన్ తీశాక డాక్టర్లు తమ గదుల్లో కూర్చుని రిపోర్టు రాసి, కంప్యూటర్లో ప్రింట్ అని నొక్కుతారు. కౌంటరు పక్కనున్న ప్రింటర్లోంచి కాగితాలు వస్తాయి. ఏ మనిషివి ఆ మనిషికి విడదీసి, పిన్ను కొట్టి, కవరులో పెట్టి, పేరు పిలిచి చేతికివ్వాలి. ఆయన అత్తకు నేర్పిన సూత్రం ఒక్కటే. "పిన్ను కొట్టే ముందు పేరు రెండుసార్లు చదువు. మొదటి పేజీలో ఒకసారి, చివరి పేజీలో ఒకసారి. మధ్యలో డాక్టరు ఏం రాశాడన్నది మన పని కాదు. ఎవరిదన్నదే మన పని."

తర్వాత కొన్నేళ్లకు ఆస్పత్రి పెద్దదైంది. ప్రింటర్లు గదికొకటి వచ్చాయి. వాటన్నిటినీ ఒక్కచోటి నుంచి చూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అది చూసుకోవడానికి ఎవరైనా కావాలంటే అన్నయ్యే అత్త పేరు చెప్పాడు. "కాగితం మీద దానికున్న ప్రేమ మొగుడి మీద కూడా లేదు సార్, దాన్నే వెయ్యండి" అన్నాడట. మా మావయ్య ఇది విని చాలాకాలం ఏడిపించాడు.

ఆ సాఫ్ట్‌వేర్లో డైరెక్ట్ డెలివరీ అని ఒక సెట్టింగు ఉండేది. ఒక ప్రింటరు పేరు ఎదురుగా చిన్న గడి. అందులో టిక్కు ఉంటే, ఎవరు ఏ గదిలో ప్రింట్ నొక్కినా కాగితం నేరుగా ఆ ప్రింటర్లోంచి వచ్చేస్తుంది. ఎవరూ అడగక్కర్లేదు, ఏమీ నొక్కక్కర్లేదు. మొదట్లో అన్ని ప్రింటర్లూ అలాగే పనిచేసేవి.

అన్నయ్యకు చూపు తగ్గుతోందని అత్తకు తెలిసిన రోజు పెద్దగా ఏమీ జరగలేదు. సాయంత్రం కౌంటరు కట్టేసి ఇద్దరూ బయటికి నడుస్తుంటే, దారిలో ఎవరో వదిలేసిన చక్రాల కుర్చీకి ఆయన ఎదురెళ్లి కొట్టుకున్నాడు. అత్త నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"ఎన్నాళ్లనుంచి అన్నయ్యా?"

"పక్కల నుంచి మూసుకొస్తోంది. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. పెద్దక్షరాలు, లైటు బాగా ఉంటే పర్లేదు."

"డాక్టరేమన్నాడు?"

"ఆగదన్నాడు." కుర్చీని గోడ వారకు నెట్టి "ఎవరికీ చెప్పకు" అన్నాడు.

అత్త చెప్పలేదు. తనకు చేతనైంది చేసింది. రిపోర్టు మొదటి పేజీలో పేరు పెద్ద అక్షరాల్లో వచ్చేలా డాక్టర్లను ఒప్పించి మార్పించింది. ముసలివాళ్లు చదువుకోలేకపోతున్నారని వంక పెట్టింది. కానీ రెండో పేజీ నుంచి పేరు పైన ఒక మూలన చీమల బారులా ఉంటుంది. దానికి ఇంకో దారి వెతికింది. డైరెక్ట్ డెలివరీలో ఒక వెసులుబాటు ఉంది. ఒక మనిషి రిపోర్టు అయిపోగానే రెండో ట్రేలోంచి ఒక ఖాళీ కాగితం వచ్చేలా చెయ్యవచ్చు. ఆ రెండో ట్రేలో దళసరి కాగితం పెడితే?

ఏది ఎంత దళసరి ఉండాలో తేల్చుకోవడానికి రకరకాల ముక్కలు ఇంటికి తెచ్చుకుంది. కళ్లు మూసుకుని, మామూలు కాగితాల మధ్య పెట్టి, బొటనవేలితో వెతికింది. మావయ్య గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏంటే ఆ తడుముకోవడం? పూనకం గానీ వచ్చిందా?"

"మాట్లాడకండి. లెక్క తప్పుతుంది."

"పూనకంలో లెక్కలు కూడా ఉంటాయన్నమాట" అంటూ ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

మరీ దళసరిదైతే ప్రింటరు మింగదు, పలచనిదైతే వేలికి తెలియదు. మధ్యస్థంగా ఒకటి దొరికింది. అప్పట్నుంచి కౌంటర్లో అన్నయ్య దొంతర అంచు మీద వేలు పోనిచ్చేవాడు. దళసరి కాగితం తగలగానే ఆగేవాడు. అక్కడికి ఒక మనిషి అయిపోయినట్టు. ఆ కాగితాన్ని తీసి పక్కన పెడితే, సాయంత్రం అత్త వాటిని మళ్లీ ట్రేలో పెట్టేది. చూసినవాళ్లు ఆయన నీటుగా పనిచేస్తాడని మెచ్చుకునేవారు. ఎవరికీ అనుమానం రాలేదు. రోజూ పొద్దున తిరుగుడు చివర అత్త ఆ రెండో ట్రేలోంచి ఒక కాగితం తీసి, కళ్లు మూసుకుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసేది. ఆ తర్వాతే సంచి భుజం మీంచి దించేది.

అలా ఏళ్లు గడిచాయి. ఆయన చూపు ఇంకా సన్నబడింది. పని మాత్రం తప్పలేదు.

తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. కొత్త వెర్షన్లో డైరెక్ట్ డెలివరీ ఉండదు. ఇక మీద కాగితం ఎవరికి వారు తీసుకోవాలి. ప్రింట్ నొక్కితే అది లోపల ఆగి ఉంటుంది. ప్రింటరు దగ్గరికెళ్లి గుర్తింపు కార్డు ఆనించాలి. దాని మీదున్న చిన్న తెర మీద పేర్ల వరస కనిపిస్తుంది. అందులో తనకు కావలసిందాన్ని వేలితో తాకితేనే కాగితం వస్తుంది. ఎవరి రిపోర్టూ గాలికి పడి ఉండదు, ఎవరూ పొరపాటున పట్టుకుపోరు. మంచి మార్పే. మేనేజరు కూడా అదే అన్నాడు. ఆయన అత్తకంటే చిన్నవాడు, ఎవర్నీ కసరని మనిషి.

"ఒక్కో విభాగం మార్చుకుంటూ వెళ్లండి మేడం. చివర్లో పాతది తీసేద్దాం."

"అలాగే సార్" అంది అత్త.

విభాగాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మారాయి. ఒక్కోచోట టిక్కు తీసేసి, కార్డు ఎలా ఆనించాలో నర్సులకు, డాక్టర్లకు చూపించింది. రిపోర్టుల కౌంటరు ఒక్కటీ మిగిలింది. పేర్ల వరస కనిపించే ఆ తెర అరచేయంత ఉంటుంది. మధ్యలో దళసరి కాగితం ఇచ్చే వెసులుబాటు కొత్తదాంట్లో లేదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం అత్త అన్నయ్యవాళ్లింటికి వెళ్లింది. గుమ్మంలో చెప్పులు గోడకు ఆనించి వరసగా ఉన్నాయి. మంచినీళ్ల గ్లాసు, కళ్లజోడు, రేడియో, ఏదీ ఉండాల్సిన చోటు నుంచి కదలలేదు. అత్తను కూర్చోమని కుర్చీ లాగిన వదిన, అంటే అన్నయ్య భార్య, ఆమె లేవగానే దాన్ని మళ్లీ గోడకు జరపడానికన్నట్టు పక్కనే నిలబడింది.

"ఏంటి చెల్లెమ్మా, ఇంటికే వచ్చేశావు? ఆఫీసు గానీ కాలిపోయిందా?" అన్నాడు అన్నయ్య.

"కాల్లేదు గానీ పొగొస్తోంది అన్నయ్యా."

సంగతంతా చెప్పింది. వదినే ముందు నోరు తెరిచింది.

"మీ అన్నాచెల్లెళ్ల గూడుపుఠాణీ ఇక్కడికి చాలు. వెళ్లి చెప్పేయండి. ఏం, దొంగతనం చేశారా దాచుకోడానికి?"

"చెప్తే ఏం చేస్తారో తెలుసా నీకు?" అన్నాడాయన. "ల్యాబులో ఉండేవాడే, చెవులు పోయినాయన, ఆయన్నేం చేశారు? లిఫ్టు పక్కన కుర్చీ వేశారు. జీతం ఆపలేదు, ఎంత మంచివాళ్లో అన్నారందరూ. పని మాత్రం ఇవ్వలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లిఫ్టు తలుపులు తెరుచుకోడం, మూసుకోడం చూస్తూ కూర్చున్నాడు. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు భుజం తట్టి పోయేవాళ్లు, గుడ్డి గుర్రాన్ని తట్టినట్టు. నేనూ తట్టాను."

"అయితే?"

"తిట్టి పంపేస్తే పోతాను. ఆ కుర్చీలో మాత్రం కూర్చోను. రిటైరయ్యేదాకా ఆ కౌంటర్లోనే ఉంటాను."

"రేపెప్పుడైనా ఒకరి కాగితం ఇంకొకరికి పోతే?"

"ఇన్నేళ్లలో పోయిందా?"

"ఇన్నేళ్లలో పోలేదు కాబట్టే నా భయం" అంది వదిన.

అత్త ఇద్దరి మొహాలూ చూసింది. "నేనేదో చూస్తాలే వదినా" అంది. వదిన ఆమె వంక చూసి, టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

అత్త చూసిన దారి ఇది. మెట్ల కింద పాత సామాన్లు పడేసే చిన్న గది ఉంది. తీసి పారెయ్యాల్సిన పాత కంప్యూటరు ఒకటి అందులో ఉంది. దాంట్లో పాత వెర్షన్ అలాగే ఉంచి, రిపోర్టుల కౌంటరు ప్రింటరు ఒక్కదాన్నీ దానికి కలిపింది. మిగతా ఆస్పత్రి అంతా కొత్తదాంట్లోకి వెళ్లిపోయింది. కౌంటరు మాత్రం ఎవరికీ తెలియకుండా పాతదాని మీదే నడుస్తోంది. గదికి తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుంది.

"అంతా అయిపోయిందా మేడం?" అన్నాడు మేనేజరు.

"అయిపోయింది సార్."

అబద్ధం చెప్పడం అంత తేలికని తనకు తెలియదని ఆమె నాతో అంది. మేనేజరు సంతోషించి, ఇంత పని ఒంటిచేత్తో చేశారని, కొత్త సాఫ్ట్‌వేర్ మీద శిక్షణకు ఆమెనే పంపాడు. ఉద్యోగంలో చేరాక ఆమెను ఎక్కడికైనా పంపడం అదే మొదలు. మావయ్య కొత్త సంచి కొనిపెట్టాడు. బయల్దేరే ముందు ఆమె కౌంటరు ప్రింటరు రెండో ట్రే చూసింది. సగానికి పైగా ఉంది. చాలనుకుంది.

శిక్షణ ముగించుకుని వచ్చిన రోజు పొద్దున మామూలుగా మేడ మీద నుంచి తిరుగుడు మొదలుపెట్టింది. కిందికి దిగేసరికి, ఇంకా తెరవని రిపోర్టుల కౌంటరు ముందు ఒకావిడ నిలబడి ఉంది. చూడగానే టీచరని తెలిసిపోయేలా ఉంది. పక్కన ఆవిడ చెల్లెలు. చేతిలో ఆస్పత్రి కవరు.

"ఇక్కడ పనిచేస్తారా అమ్మా?"

"చెప్పండి."

టీచరమ్మ కవరులోంచి రిపోర్టు తీసి కౌంటరు మీద పరిచింది. మొదటి పేజీలో ఆవిడ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. రెండో పేజీ ఆవిడదే. ఆ తర్వాత ఒక ఖాళీ కాగితం. దాని వెనక ఇంకో పేజీ. ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందని, వెంటనే తదుపరి పరీక్షలు చేయించాలని అందులో ఉంది.

"చివరి పేజీలో చివరి ముక్కే చదువుతాం కదండీ ఎవరైనా. నేనూ అదే చదివాను. చదివి, ఇంటికెళ్లి, బీరువా తాళాలు మా చెల్లెలికి ఇచ్చేశాను." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఈ పొద్దున ఇదిగో, ఇదే చూసింది. ఇక్కడ మూలన సన్నగా ఉంది చూడండి. పురుషుడు అని. వయసు కూడా నాది కాదు. ఇది నాది కాదమ్మా."

అత్త మధ్యనున్న ఖాళీ కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. పలచగా ఉంది. మామూలు కాగితం.

"నాది కాదని తెలిశాక ఊపిరి వచ్చింది. కానీ ఎవరిదో ఉంటుంది కదా. ఆయనకి చెప్పారా?" అంది టీచరమ్మ.

అత్త రెండో ట్రే లాగి చూసింది. నిండా తెల్లగా, పలచగా మామూలు కాగితమే ఉంది. స్టోర్స్ ఆయన అటుగా వెళ్తూ ఆగాడు. "మొన్న ఎర్రలైటు వెలిగితే నేనే నింపాను మేడం. ఒక డాక్టరుగారు ఏవో పాత రిపోర్టులన్నీ ఒకేసారి కొట్టారు, గబుక్కున ఖాళీ అయిపోయింది. మీరు లేరు కదా, కౌంటర్లో బాబాయ్‌కి ఇబ్బంది అవుతుందని" అన్నాడు. మంచి పని చేశాననే అనుకుంటున్నాడు. ఆ ట్రేలో దళసరి కాగితమే ఉండాలని ఆయనకు చెప్పిన వాళ్లెవరు? ఎందుకుండాలో చెప్పకుండా ఆ మాట చెప్పడం కుదరదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

జరిగింది డాక్టరు గదిలో తెలిసింది. టీచరమ్మ రిపోర్టు తీసుకున్న రోజు పొద్దునే, అన్నీ బాగున్నాయని ఒక లారీ డ్రైవరు రిపోర్టు కౌంటరుకు వచ్చింది. తర్వాత డాక్టరు స్కాన్ బొమ్మ మరోసారి చూసి, మచ్చ కనిపెట్టి, చివరి పేజీ మాత్రం దిద్ది మళ్లీ ప్రింట్ చేశాడు. పాతది ఆపి ఇది ఇమ్మని కౌంటరుకు ఫోను చేశాడు కూడా. అన్నయ్య సరేనన్నాడు. ఆ పేజీ టీచరమ్మ రిపోర్టు వెనకే వచ్చింది. రెండింటి మధ్యా వేలికి ఏమీ తగల్లేదు. పేజీ వస్తుందని అన్నయ్య ఎదురుచూస్తుండగానే, డ్రైవరు కౌంటరు మీదున్న తన కవరు తనే తీసుకుని వెళ్లిపోయాడు.

అన్నయ్య వచ్చేసరికి అత్త మెట్ల కింది గది తలుపు తెరిచి నిలబడి ఉంది. ఆయన్ని లోపలికి పిలిచి అంతా చెప్పింది. పాత కంప్యూటరు ఫ్యాను గరగరలాడుతోంది.

"మధ్యలో దళసరి కాగితం రావట్లేదని మొదటి రిపోర్టుకే తెలిసింది చెల్లెమ్మా."

"తెలిసి?"

"పక్కవాళ్లనెవర్నయినా పిలవచ్చు. పిలవలేదు. ప్రింటరు ఎక్కడ ఆగుతోందో విని విడదీశాను. సాయంత్రం దాకా సరిగానే నడిచిందనుకున్నాను. ఆ పేజీ రాలేదని, డాక్టరు మర్చిపోయాడని అనుకున్నాను."

"నాకు ఫోను చెయ్యచ్చుగా అన్నయ్యా!"

"మొదటిసారి పంపించారు నిన్ను. పిలిస్తే వచ్చేస్తావు." చేత్తో గోడ వెతుక్కుని ఆనుకున్నాడు. "ఆ డ్రైవరు దొరికాడా?"

దొరకలేదు. అత్త అప్పటికే ఫోను చేసింది. డ్రైవరు భార్య ఎత్తింది. "ఆయన బండి మీద వెళ్లారండీ. ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది. రిపోర్టు బాగుందన్నారుగా? ఆ సంతోషంలోనే వెళ్లారు" అంది. అత్త ఒకసారి మళ్లీ రమ్మన్నారని, దారిలో ఎక్కడున్నా వెంటనే రమ్మని, అంతే చెప్పగలిగింది.

"పద" అన్నాడు అన్నయ్య.

"ఎక్కడికి?"

"మేనేజరు దగ్గరికి. నువ్వేమీ మాట్లాడకు. నాకు చెప్పడం వచ్చు."

మేనేజరు బల్ల ముందు ఆయన కుర్చీ తడుముకోకుండా నిలబడే మాట్లాడాడు. "డ్రైవరు పేజీ తప్పుగా పెట్టింది నేనే సార్. నాకు కనపడదు."

"ఎవరికైనా ఒక్కోసారి కనపడదు లెండి..."

"ఒక్కోసారి కాదు సార్. నాకు కళ్లు కనపడవు."

మేనేజరు ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత అత్త వంక చూశాడు. మాట్లాడొద్దని అన్నయ్య చెప్పినా ఆమె చెప్పేసింది. దళసరి కాగితం సంగతి, మెట్ల కింది కంప్యూటరు సంగతి, అయిపోయిందని తను చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ ఉంది.

"మీరు నా మొహం మీదే అయిపోయిందని చెప్పారు మేడం."

"చెప్పాను సార్."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ముందే చెబితే నేనేం చేసేవాణ్నో నాకే తెలీదు. లిఫ్టు దగ్గర కుర్చీయే వేసేవాణ్నేమో. అయినా చెప్పాల్సింది. అది మన ముగ్గురి సంగతి అయ్యేది. ఇప్పుడు ఆ డ్రైవరు సంగతి అయింది."

అత్త వేలికి చుట్టుకున్న పట్టీ విప్పుకుంది.

"టీచరుగారికి ఆవిడ రిపోర్టు సరిచేసి ఇవ్వండి. ఇచ్చాక ఆ పాతది తీసెయ్యండి" అన్నాడు.

అత్త రెండో ట్రేలోని పలచని కాగితాలన్నీ తీసేసింది. అల్మారాలో మిగిలిన దళసరివి తెచ్చి పెట్టింది. డాక్టరు మళ్లీ ప్రింట్ నొక్కాడు. రెండు పేజీలు వచ్చాయి, వాటి వెనక దళసరి కాగితం. అన్నయ్య దొంతర అంచు మీద వేలు పోనిచ్చాడు. ఆగాడు. దళసరి కాగితాన్ని తీసి పక్కన పెట్టాడు. మిగిలిన రెండు పేజీలూ అత్త చేతికిచ్చాడు.

"పేరు చదువు" అన్నాడు.

అత్త మొదటి పేజీలో పేరు పైకి చదివింది. చివరి పేజీ తిప్పి, మూలనున్న సన్నటి అక్షరాల్లో పేరు మళ్లీ చదివింది. అప్పుడు పిన్ను కొట్టింది. కౌంటరు అవతల టీచరమ్మ రెండు చేతులా అందుకుంది. "ఆయన దొరికితే నాకు ఒక మాట చెబుతారా?" అని తన ఫోను నంబరు కవరు చింపి రాసిచ్చింది.

ఆ తర్వాత ఇద్దరూ మెట్ల కింది గదిలోకి వెళ్లారు. తెర మీద ఒకే ఒక్క ప్రింటరు పేరు, దాని ఎదురుగా గడి, అందులో టిక్కు. అత్త టిక్కు తీసేసింది. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటరు మళ్లీ అడిగింది. అవునని నొక్కింది.

"అయిందా?" అన్నాడు అన్నయ్య.

"ఇంకా లేదు." వైరు పీకేసింది. ఫ్యాను కాసేపు తిరిగి ఆగిపోయింది.

"ఇప్పుడయింది" అన్నాడాయన.

డ్రైవరు ఆ వారం చివర్లో బండిని దారిలో వేరొకరికి అప్పగించి వచ్చాడు. పరీక్షలు చేశారు. మచ్చ చెడ్డదే. చికిత్స మొదలుపెట్టారు. ఆ ఆలస్యం వల్ల ఏమైనా తేడా వచ్చిందా అని అత్త డాక్టరును అడిగింది. కొద్ది రోజులకు ఏమీ కాదన్నాడు. ఆమె ఆ మాట నమ్మిందో లేదో నాకు చెప్పలేదు. డ్రైవరు చికిత్సకు వచ్చిన ప్రతిసారీ ఆమె మేడ మీదికి వెళ్లి, చికిత్స గది ప్రింటరు ట్రే సర్దుతున్నట్టు కాసేపు అక్కడ ఉండి వచ్చేది. పలకరించడానికి ధైర్యం చాలలేదట. చివరికి ఒక రోజు ఆయనే పలకరించాడు. "రోజూ ఇదే మిషను చెడిపోతుందేంటి మేడం?" అన్నాడు. ఆ రోజు ఆమె ఆయన పక్కన బెంచీ మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన అంతా విని, "ఆ నాలుగు రోజులూ హాయిగా నిద్రపోయాను లెండి" అన్నాడు. అది తనను క్షమించినట్టో, నిందించినట్టో ఆమెకు అర్థం కాలేదు. ఆ సాయంత్రమే టీచరమ్మకు ఫోను చేసి, ఆయన దొరికాడని, చికిత్స నడుస్తోందని చెప్పింది.

అన్నయ్యకు కుర్చీ వేశారు. లిఫ్టు పక్కన కాదు గానీ, మందుల దుకాణం దగ్గర, అటువంటిదే. కొన్ని వారాలు ఆయన అక్కడ ఏ పనీ లేకుండా కూర్చున్నాడు. అత్త పొద్దున తిరుగుడులో ఒక్కో ప్రింటరూ చూసుకుంటూ వచ్చి, ఆయన ముందు ఆగేది.

"ఏంటి చెల్లెమ్మా, నాలో కూడా కాగితం ఇరుక్కుందా?"

"చూద్దామని వచ్చాను."

"గట్టిగా లాగకు. చిరుగుతుంది" అనేవాడు. ఆమెను నవ్వించడానికే. తను మాత్రం నవ్వేవాడు కాదు. ఆయన భుజం ఆమె ఎప్పుడూ తట్టలేదు.

తర్వాత అత్త మేనేజరును మళ్లీ మళ్లీ అడిగి, రిపోర్టు తయారైందా అని ఫోను చేసేవాళ్లకు జవాబు చెప్పే పని ఆయనకు ఇప్పించింది. కంప్యూటరు తెర మీదున్నది చెవిలో చదివి వినిపించే ఏర్పాటు చేసింది. ఆ గొంతు ఆయనకు నచ్చలేదు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుందని విసుక్కునేవాడు. నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ ఫోనులో ఎవరైనా అడిగితే, వాళ్ల పేరు రెండుసార్లు చెప్పించుకుంటాడు.

వదిన ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు, మా అమ్మ ఆ రోజుల సంగతి ఎత్తబోయింది. "నేను ఆ రోజే చెప్పాను" అని వదిన అంటుందేమోనని అత్త తల వంచుకుంది. వదిన ఆ మాట అనలేదు. టీలో చక్కెర ఇంకొంచెం కావాలంది.

అత్తకు ఆ ఏడాది రావలసిన ప్రమోషను రాలేదు. ప్రింటర్ల పని మాత్రం తీసెయ్యలేదు. ఇప్పటికీ పొద్దున్నే సంచి భుజాన ఉండగానే మేడ మీద నుంచి మొదలుపెట్టి ట్రేలన్నీ చూసుకుంటూ కిందికి వస్తుంది. రిపోర్టుల కౌంటర్లో ఇప్పుడు వేరొకామె ఉంది. అక్కడి ప్రింటరు రెండో ట్రేలో మామూలు కాగితమే ఉంటుంది.